తెర వెలగని శుక్రవారం

మా ముత్తాతగారు సంస్థానంలో దివాను. కోట రెండో వాకిలి దాటేదాకా పల్లకీ దిగనవసరం లేని గౌరవం, రాజబంధువులు కానివారిలో ఆయన ఒక్కరికే ఉండేది. మా తాతగారి నాటికి దివానుగిరీ పోయింది. అయినా లంకభూముల హద్దుల తగవు వస్తే ఇరుపక్షాలవారూ కోర్టుకంటే ముందు మా అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆయన చెప్పింది విని వెళ్ళేవారు. మా నాన్నగారు మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పిలవనిదే ఎవరి గడపా తొక్కలేదు. కూర్చున్నప్పుడు కుర్చీకి వీపు ఆనించడం నేనెన్నడూ చూడలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా దిండు తీసేయించి కూర్చున్న మనిషి.

నేను మస్కట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో లెక్కల విభాగం చూస్తాను. బౌషర్‌లో అద్దె ఇల్లు. మా పెద్దల నుంచి నాకు దక్కినవి రెండు: నిటారైన వీపు, ఒక శాలువా.

ఆ శాలువా దర్బారులో ముత్తాతగారికి కప్పినదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ముదురు ఎరుపు, అంచు పొడుగునా జరీ మామిడిపిందెలు. దాన్ని ఊరికే కప్పుకోకూడదు. మా ఇంట్లో పెద్దల పెట్టె అని ఒకటి ఉండేది. దివాను మొహరు, రాజుగారిచ్చిన పాత సనదులు అందులో ఉండేవి. ఏటా పుష్యమాసంలో ఒకరోజు ఇంటి పెద్ద స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, భుజాన ఆ శాలువా వేసుకుని పెట్టె తెరిచేవారు. ఇంకెవరి చెయ్యీ దాని మీద పడకూడదు. పని అయ్యాక నాన్నగారు చీకటి గదిలో శాలువా విప్పుతుంటే చిటపటమని చప్పుడయ్యేది. మడతల మధ్య నీలం నలకలు మెరిసేవి. "పెద్దలు వచ్చారు" అని అమ్మ చేతులు జోడించేది. నాయనమ్మ మాత్రం ఒకసారి, "మీ తాతగారి భుజం మీద ఇది ఎప్పుడూ నోరెత్తలేదురా" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

పెట్టెను తర్వాత చెదలు తినేశాయి. శాలువా మిగిలింది.

నాన్నగారు తన చివరి చలికాలం మా దగ్గర బౌషర్‌లో గడిపారు. ఆ శాలువాను సంచిలో పెట్టుకుని తెచ్చుకున్నారు. మా వంశం సంగతులన్నీ ఆయన గొంతుతోనే ఉండాలని నేను కంప్యూటర్‌కు మైకు తగిలించి ఆయన్ని కూర్చోబెట్టాను. పెద్దల మాట చెప్పేటప్పుడు భుజాన శాలువా ఉండాల్సిందేనన్నారు. అలాగే కప్పుకుని, రోజుకు కొంత చొప్పున చెప్పుకుంటూ వచ్చారు. ఆఖరి భాగం చెప్పేరోజు మాత్రం నన్ను గదిలోంచి బయటికి పంపేశారు.

"ఇది నేను పోయిన ఏడాదికి విను. ముందు వినకు" అన్నారు తలుపు తీస్తూ.

ఆ తర్వాత ఇండియా వెళ్ళారు. ఆ ఎండాకాలంలోనే, నేను వెళ్ళి పక్కన ఉండగా పోయారు.

ఆయన మాటలు పరాయివాళ్ళ చెవిన పడకూడదని కంప్యూటర్ డిస్కుకు తాళం వేశాను. ఆ తాళం తీసే సంకేతం మరోచోట దాచుకుంటారా అని మిషను అడిగింది. అక్కర్లేదన్నాను. ఇంకో డిస్కులోకి నకలు తీసి పెట్టమని నా భార్య కూడా చెప్పింది. పెద్దల మాటలకు నకళ్ళు ఏమిటన్నాను. ఆమె మా అత్తవారి తరఫున వచ్చిన హాస్యంతో, "అవును మరి, దివాను గారి మాట ఒక్కసారే కదా చెబుతారు" అని ఊరుకుంది.

నాన్నగారి ఆబ్దికం దగ్గర పడింది. ఆ రోజు పొద్దున్న ఆఖరి భాగం వినాలని నా నిశ్చయం. అంతకుముందువన్నీ మళ్ళీ వింటూ ఉంటే, ఆయన గొంతు వెనక ఒక చప్పుడు వినిపించేది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తెలిసేది కాదు. మాట ఆపి ఊపిరి తీసుకున్నప్పుడు, ఆ నిశ్శబ్దంలో చిటపట, చిటపట. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు. శాలువా మైకుకు తగిలిన చప్పుడే అయి ఉంటుందని సమాధానపడ్డాను. కానీ కొన్నిచోట్ల ఆ చప్పుడు ముందు వచ్చి, ఆ వెనక ఆయన మాట మొదలయ్యేది. ఎవరో ఏదో అందిస్తే ఆయన చెబుతున్నట్టుండేది.

ఆ చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి వేశాను. దాని బరువుకు మిషను సగంలో బిగుసుకుపోయేది. అల్ మవాలేలో కంప్యూటర్ల దుకాణం నడిపే కరీంనగర్ ఆయన ఒకరు మాకు తెలుసు. పాత ర్యామ్ చాలదు, కొత్తది ఎక్కువది వేసుకోమని రెండు పలకలు ఇచ్చాడు. బిగించడానికి తనే వస్తానన్నాడు. వద్దన్నాను.

ఆ శుక్రవారం పడమటి నుంచి పొడిగాలి వీస్తోంది. ఆకాశం పసుపు తిరిగింది. ప్రార్థనలు ముగిసి వీధి సద్దుమణిగాక, గది తెరలు వేసి, ఏసీ పెట్టి, పొద్దున్న స్నానం చేసి కట్టుకున్న పట్టుపంచెతోనే, బీరువాలోంచి శాలువా తీసి భుజాన వేసుకుని, తివాచీ మీద కంప్యూటర్ పెట్టె ముందు కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు, అలా చేయాలని. ఆ పెట్టెలో నాన్నగారున్నారు, దాన్ని తెరవబోతున్నాను. చేతులు వాటంతట అవే అలవాటు ప్రకారం నడుచుకున్నాయి.

పక్క రేకు తీశాను. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పాత పలక ఊడదీసి, కొత్తవి రెండూ చెరో గాడిలో పెట్టి నొక్కాను. రెండో దాన్ని నొక్కుతున్నప్పుడు వేలికొసన సూదిమొనంత నీలం వెలుగు మెరిసింది. చిటుక్కుమంది. నొప్పి కాదు, ఎవరో వేలు పట్టుకుని వదిలినట్టనిపించింది.

స్విచ్చి నొక్కాను. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. స్పీకర్లలో గుప్పుమని ఒక శబ్దం వచ్చింది, అచ్చం నాన్నగారు మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకున్నట్టు. ఆ తర్వాత పెట్టెలోంచి పొడుగ్గా మూడు కూతలు. తెర నల్లగానే ఉంది. కాసేపటికి ఫ్యాను ఆగిపోయింది. నేనేమీ ముట్టుకోకుండానే మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది. ఆస్పత్రిలో చివరి పూట ఆయన ఊపిరి కూడా ఇలాగే ఆగి, నడిచి, ఆగింది.

తల ఎత్తి చూశాను. నల్లటి తెరలో ఎర్ర శాలువా కప్పుకుని, వీపు నిటారుగా పెట్టి నాన్నగారు కూర్చుని ఉన్నారు. అది నా నీడేనని తెలుసుకోవడానికి నాకు ఒక క్షణం కంటే ఎక్కువే పట్టింది.

కొత్త పలకలు తీసేసి, పాతదాన్ని మళ్ళీ దాని గాడిలోనే పెట్టాను. అవే కూతలు. అదే నలుపు. పెట్టెలో ఉన్నదంతా మొన్నటిదాకా ఉన్నట్టే ఉంది. కానీ లేవడం లేదు.

దుకాణం ఆయనకు ఫోన్ చేశాను. బౌషర్ వైపే పనుందని గంట తిరగకముందే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి గదిలోకి తొంగి చూశాడు.

"లైటెయ్యరాదు సార్? గిట్ల చీకట్ల ఏం కనవడ్తది?"

"నువ్వు పెట్టెను ముట్టుకోవద్దు. ఏం చేయాలో చెప్పు, నేను చేస్తాను."

అతను నా పంచెను, శాలువాను, విప్పి పెట్టిన కంప్యూటర్‌ను ఒక్కొక్కటిగా చూశాడు. వంటింటి వైపు తిరిగి, "అక్కా, ఇంట్ల వ్రతం గిట్ల నడుస్తున్నదా? నేను రాంగ్ టైంల అచ్చిన్నా?" అని అడిగాడు.

"వ్రతం కాదు బాబూ, ఆపరేషను" అంది నా భార్య లోపలినుంచే. "డాక్టరు గారికి మడి."

"మరి నేను ముట్టకుంట ఎట్ల జేయాలె? మంత్రం సదవాల్నా?" అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "సరే సార్. నా కాడ కొన్నరు గాబట్టి నాకే చెడ్డపేరు వడ్తది. గా పాతది తీసి మల్ల పెట్టుండ్రి. గట్ల మెల్లగ గాదు సార్, పసిపిల్లను పండవెట్టినట్టు. గట్టిగ నూకుండ్రి, టక్కన సప్పుడు రావాలె."

పెట్టాను. టక్కుమంది. అవే కూతలు.

"కరెంటు వైర్ పీకుండ్రి. స్విచ్చి ఒత్తి పట్టుకోండ్రి."

తీగ పీకేసి స్విచ్చి నొక్కాను. కరెంటు లేని ఆ పెట్టెలో ఫ్యాను ఒక్కసారి తిరిగి ఆగింది. అతనికది మామూలే, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుందన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంకా రెండు మూడు రకాలుగా చూశాక తేల్చి చెప్పాడు. "బోర్డు వోయింది సార్. ఖలాస్. కొత్తది ఎయ్యాలె."

"వేస్తే లోపల ఉన్నవి ఉంటాయా?"

"మామూలుగైతె ఉంటయి. మీరు డిస్కుకు లాక్ ఏసిన్రు గద. దాని చాబీ గీ బోర్డు మీదున్న చిప్పులనే ఉంటది. బోర్డు మారిస్తె చాబీ గూడ వోతది. వేరే కాడ రాసి పెట్టుకున్నరా?"

"లేదు."

"నకల్?"

"లేదు."

 నా భార్య ఇచ్చిన టీ తాగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "రేపు దుకాణం కాడికి తెండ్రి. బోర్డు మార్చుడే దారి. దాంట్ల ఏమన్న ముఖ్యమైనయి ఉంటె మాత్రం మర్సిపోవుడే సార్" అన్నాడు.

అతను వెళ్ళాక గది ఇంకా నిశ్శబ్దమైపోయింది. బయట గాలికి కిటికీ అద్దాల మీద ఇసుక రాలుతున్న సవ్వడి. నేను లేవలేదు. ఇప్పటిదాకా విన్నవైనా నాకు కొంత గుర్తున్నాయి. విననిది ఏమైపోతుంది? ఆయన నాకోసం ఒక ఏడాది ఆగమని చెప్పి పెట్టిన మాట, నా వేలికొస మీద మెరిసిన ఆ నలకలో కాలిపోయిందా?

అప్పుడు గదిలో చప్పుడు వినిపించింది. చిటపట. చిటపట. కంప్యూటర్‌కు కరెంటు తీగ కూడా లేదు. నేను ఊపిరి బిగపట్టాను. అది నా భుజం దగ్గరనుంచి వస్తోంది.

నా భార్య నాకు స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. అందుకోబోయాను. నా వేలికీ గ్లాసుకూ మధ్య నీలంగా మెరిసి ఠప్పుమంది. ఆమె గ్లాసు వదలకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏవండీ, మిమ్మల్ని ముట్టుకుంటే షాక్ కొడుతోంది!"

"పెద్దలు..." అనబోయాను.

"పెద్దలూ లేరు, పిన్నలూ లేరు. మధ్యాహ్నం నుంచీ ఆ తివాచీ మీద ఆ శాలువాతో కదులుతూ కూర్చున్నారు. నాకు గ్లాసుమీంచి కొట్టింది. ఆ సన్నపు బోర్డు మీద ఎన్నిసార్లు కొట్టి ఉంటుందో!" గ్లాసు బల్ల మీద పెట్టింది. "ముందు ఆ శాలువా తీసేయండి."

"ఇది లేకుండా పెట్టె తెరవడం మా ఇంట్లో లేదు."

"పెట్టె తెరిచే ఉంది. లేవనిది మామయ్యగారు." ఆమె గొంతు తగ్గించింది. "అది మీ భుజం మీద ఉండాలా, ఆయన మాట మీ చెవిన పడాలా? రెండూ కుదిరేలా లేవు."

 ఆమె వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

శాలువా విప్పాను. చిన్నప్పటి చీకటి గదిలో లాగే చిటపటలాడింది, మడతల్లో నీలం నలకలు పరుగెత్తాయి. దాన్ని మడతపెట్టి, ఎవరూ వీపు ఆనించని కుర్చీ మీద పెట్టాను. పట్టుపంచె మార్చుకుని పాత నూలు లుంగీ కట్టుకున్నాను. ఇద్దరం కలిసి తివాచీ చుట్టేశాం. చొక్కా లేని ఒంటితో చల్లటి పలకల మీద కూర్చుని, ఒంట్లో కరెంటు దిగిపోవాలని ఆమె చెప్పినట్టు ముందు రెండు చేతులూ పెట్టె ఇనుప చట్రానికి ఆనించాను.

పాత ర్యామ్ పలకను మళ్ళీ దాని గాడిలోనే పెట్టబోతుంటే, "ఎప్పుడూ అక్కడే ఎందుకు పెడతారు?" అంది.

"అది దాని స్థానం. మొదట్నుంచీ అక్కడే ఉంది."

"ఆ స్థానం కాలిపోయిందేమో. ఆ చివరిది ఖాళీగానే ఉంది కదా."

మా ఇంట పంక్తిలో ఎవరి పీట వారిదే. తాతగారి పీట మీద మరొకరు కూర్చోవడం కానీ, ఆయన చివర కూర్చోవడం కానీ జరగలేదు. మధ్యాహ్నం నుంచి నేను ఆ పలకను ఎన్నిసార్లు తీసి పెట్టినా, దాని పాత చోటు తప్ప ఇంకో చోటు నాకు తోచనే లేదు. దుకాణం ఆయన కూడా అడగలేదు, నేనెక్కడ పెడుతున్నానో ఆ చీకట్లో అతనికి కనబడలేదు. చివరి గాడిలో పెట్టి నొక్కాను. తీగ తగిలించి స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. స్పీకర్లలో గొంతు సవరించుకున్నారు. కూతలు రాలేదు. తెర నల్లగానే ఉంది. ఆగిపోతుందేమోనని ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆగలేదు. చాలాసేపటికి, ఇక లేవదని నేను చెయ్యి చాస్తుండగా, తెర వెలిగింది.

ఆబ్దికం దాకా ఆగే ధైర్యం లేకపోయింది. మళ్ళీ ఆర్పితే లేస్తుందో లేదో. నా భార్య తలుపు దగ్గరగా వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆఖరి భాగం పెట్టాను.

"ఒరేయ్" అన్నారు నాన్నగారు. "నువ్వు ఇది వింటున్నావంటే నేను లేనన్నమాట. వంగి కూర్చోకు."

నేను వీపు నిటారు చేశాను.

"నీకు ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ఆ శాలువాను చాకలికి వెయ్యకు. ఇస్త్రీ అసలే చేయించకు. వేడి తగిలితే కరిగి ఇస్త్రీ పెట్టెకు అంటుకుపోతుంది. అది నైలాను. మా నాన్నగారి పన్నెండో రోజు అయ్యాక రాజమండ్రి మెయిన్‌రోడ్డులో కొన్నాను. రంగు బాగానే కలిసింది. జరీ కూడా ఉత్తుత్తిదే. మీ నాయనమ్మ ఒక్కతే కనిపెట్టింది, నాకేమీ చెప్పలేదు. అసలుది పెద్దాయన భోజనాలకు వెళ్ళిపోయింది. దివాను గారి అబ్బాయి పన్నెండో రోజున ఊళ్ళో ఒక్కడు కూడా ఆకలితో వెళ్ళకూడదన్నాను. వెళ్ళలేదు."

అక్కడ కాసేపు ఆగారు. ఆ నిశ్శబ్దంలో చిటపట వినిపించింది. ఎండుటాకుల మీద అడుగులు.

నా భార్య నా మోచేయి పట్టుకుంది. ఈసారి షాక్ కొట్టలేదు.

"ఇవాళ నేను అది కప్పుకోలేదు" అన్నారు నాన్నగారు. "కోడలు మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఉత్త చొక్కాతో కూర్చున్నాను. కొంచెం చలిగా ఉంది."

చిటపట. చిటపట. దగ్గరగా, మైకును ఆనుకుని ఎవరో నిలబడ్డట్టు.

"నీకూ వినిపిస్తోందా?" అని అడిగారు. అంతే. అక్కడితో అయిపోయింది.

నేను నా భార్య వైపు చూశాను. "ఆ రోజు నేనే పెట్టాను బీరువాలో" అంది మెల్లగా. "తాళం కూడా వేశాను. తలుపుకు రబ్బరు ఉంటుంది, లోపల్నుంచి ఏమీ వినపడదు."

ఇద్దరం కుర్చీ మీద ఉన్న శాలువా వైపు చూడకుండా కూర్చున్నాం. గాలి ఆగింది. కిటికీ మీద ఇసుక చప్పుడు కూడా ఆగింది.

ఆ సాయంత్రమే అన్ని భాగాలకూ నకళ్ళు తీశాను. ఒకటి నా భార్య తన నగల పెట్టెలో దాచింది. కొత్త ర్యామ్ పలకల్లో ఒకటి చచ్చిపోయిందని దుకాణం ఆయన తేల్చాడు, రెండోదాన్ని వెనక్కి తీసుకున్నాడు. చప్పుళ్ళు తీసేసే సాఫ్ట్‌వేర్‌ను మిషనులోంచి తొలగించాను. ఆ చిటపటను ఏ భాగంలోనూ ముట్టుకోలేదు. ఆబ్దికం నాడు పట్టుపంచె కట్టుకుని, భుజాన మామూలు నూలు ఉత్తరీయం వేసుకుని పిండాలు పెట్టాను. శాలువా బీరువాలో, పై అరలో ఉంది. పుష్యమాసంలో ఒకసారి తీసి, గాలికి ఆరబెట్టి, మళ్ళీ పెడుతున్నాం.

తర్వాత ఊళ్ళో వాకబు చేస్తే తేలింది, సంస్థానం వారు కప్పిన అసలు శాలువాను నాన్నగారు మా తాతగారు పోయిన పన్నెండో రోజు భోజనాల కోసం అమ్మారు. అంచు జరీని కరిగించే కంసాలికీ, ఉన్ని గుడ్డను పాతబట్టల వ్యాపారికీ, విడివిడిగా.